స్టీలు ప్లేటు లేజర్ కటింగ్: కౌంటర్ దగ్గర రోజూ అడిగే ప్రశ్నలు

ఫోన్లో, వాట్సాప్‌లో, షాపు కౌంటర్ దగ్గర నిలబడి అడిగే అనుమానాలు ఏడాది పొడుగునా దాదాపు ఇవే. గేట్లు చేసే వెల్డింగ్ షాపుల వాళ్లు, షెడ్లు వేసే ఫ్యాబ్రికేటర్లు, కొత్త ఇంటికి జాలీ చేయించుకునే వాళ్లు, ఇంజినీరింగ్ కాలేజీ ప్రాజెక్టు పిల్లలు అందరికీ కలిపి ఒకచోట రాశాను. మీ ప్రశ్న ఎక్కడుంటే నేరుగా అక్కడికి వెళ్లి చదువుకోవచ్చు. ప్లేటు అన్నచోటల్లా మామూలు ఎంఎస్, అంటే మైల్డ్ స్టీలు అనుకోండి. స్టెయిన్‌లెస్, అల్యూమినియం సంగతి వస్తే విడిగా చెప్పాను.

## పని మొదలుపెట్టే ముందు

గ్యాస్ కటింగ్ తక్కువలో అయిపోతుంది కదా, లేజర్ ఎందుకు?

కొన్ని పనులకు నిజంగానే అవసరం లేదు. 25 మి.మీ. ప్లేటును నాలుగు వైపులా తిన్నగా కోసి వెల్డింగ్ చేసేయడమే పనైతే గ్యాస్ కటింగ్ చాలు. నేనే అటు పంపిస్తాను.

అసలు తేడా రంధ్రాల దగ్గర తెలుస్తుంది. 10 మి.మీ. ప్లేటులో 18 మి.మీ. రంధ్రాలు ఎనిమిది ఉన్నాయనుకోండి. గ్యాస్‌తో అంచు కోశాక మార్కింగ్, పంచింగ్, డ్రిల్లింగ్ మళ్లీ మొదటి నుంచి చేసుకోవాలి. అలాంటి ప్లేట్లు నలభై ఉంటే 320 రంధ్రాలు. లేజర్లో అంచూ రంధ్రాలూ ఒకే బిగింపులో అయిపోతాయి, ఒక ప్లేటు మీద ఇంకో ప్లేటు పెడితే రంధ్రాలు కలుస్తాయి. ప్లాస్మా ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. వేగంగానే కోస్తుంది కానీ కోసిన గీత వెడల్పు ఎక్కువ, చిన్న రంధ్రాలు పైన ఒక సైజు, కింద ఒక సైజు వస్తాయి. ఏది ఎంచుకోవాలో తేలకపోతే బయటి అంచును వదిలేసి, లోపల రంధ్రాలెన్నో లెక్కపెట్టండి.

మీ మిషన్ ఎంత మందం కోస్తుంది?

ఏ షాపుకైనా రెండు అంకెలుంటాయి. ఒకటి కేటలాగులోది, రెండోది రోజూ టెన్షన్ లేకుండా కోసేది. 3 కిలోవాట్ల ఫైబర్ మిషన్ ఎంఎస్‌లో 20 మి.మీ. వరకు కోస్తుందని కాగితం మీద ఉంటుంది. కోస్తుంది కూడా. కానీ ఆ మందంలో ప్లేటు కాస్త అటూ ఇటూ ఉన్నా మధ్యలో కట్ తెగకుండా ఆగిపోతుంది. 12 మి.మీ. దగ్గర అదే మిషన్ హాయిగా నడుస్తుంది. స్టెయిన్‌లెస్‌ను నైట్రోజన్‌తో కోస్తే ఎంఎస్ అంకెలో సగం అనుకోండి. 6, 12 కిలోవాట్ల మిషన్లలో ఈ హద్దులన్నీ పైకి జరుగుతాయి. షాపు వాళ్లను కిలోవాట్లు అడగడం కన్నా, "ఈ మందంలో ఈ మధ్య కోసిన ముక్క ఒకటి చూపించండి" అని అడగండి. అంచు మీద వేలు పెట్టి చూస్తే సగం సంగతి తెలిసిపోతుంది.

ఫైబర్ లేజర్, సీఓ2 లేజర్ అంటారు. మాకేం తేడా?

స్టీలుకు ఇప్పుడు ఫైబరే. దాని కాంతి తరంగదైర్ఘ్యం సుమారు 1.07 మైక్రాన్లు, సీఓ2ది 10.6. పొట్టి తరంగాన్ని లోహం బాగా పీల్చుకుంటుంది. పైగా అది సన్నటి గాజు తీగలోంచి వెళ్లగలదు కాబట్టి అద్దాల వరస అక్కర్లేదు. యాక్రిలిక్, చెక్క కోయాలంటే మాత్రం సీఓ2 మిషన్ ఉన్నచోటికే వెళ్లాలి.

సందర్భం వచ్చింది కాబట్టి ఒక మాట. సీఓ2 లేజర్‌ను 1964లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కనిపెట్టిన కుమార్ పటేల్ మహారాష్ట్రలోని బారామతిలో పుట్టినవాడు. 1967లో ఇంగ్లండ్‌లో పీటర్ హౌల్డ్‌క్రాఫ్ట్ ఆ లేజర్ కిరణానికి ఆక్సిజన్ ఊదడం జోడించి మిల్లీమీటరు మందం స్టీలును కోశాడు. కిరణంతో పాటు గ్యాస్ ఊదే పద్ధతి ఇవాళ్టికీ అదే.

వైజాగ్ స్టీలు ప్లేటే కావాలి. దొరుకుతుందా?

దొరకదు. విశాఖ స్టీల్ ప్లాంటులో తయారయ్యేవి కడ్డీలు, వైర్ రాడ్లు, యాంగిళ్లు, ఛానళ్ల లాంటి పొడుగు సరుకు. ప్లేట్లు, షీట్లు అక్కడ చుట్టరు. ఎవరైనా వైజాగ్ ప్లేటు అని అమ్మితే బిల్లు, టెస్ట్ సర్టిఫికెట్ అడగండి. మన దగ్గర దొరికే ప్లేట్లు ఎక్కువగా సెయిల్, జేఎస్‌డబ్ల్యూ, టాటా మిల్లులవి. పేరు కన్నా గ్రేడు ముఖ్యం. మామూలు స్ట్రక్చర్ పనికి ఐఎస్ 2062 ఈ250 అని రాసుంటే సరిపోతుంది. అందులో 250 అంటే యీల్డ్ బలం, అంటే స్టీలు తిరిగి రాకుండా సాగడం మొదలయ్యే ఒత్తిడి, మెగాపాస్కళ్లలో.

## డ్రాయింగ్ దగ్గర

నా దగ్గర ఫొటో మాత్రమే ఉంది. దాన్ని చూసి కట్ చేస్తారా?

ఫొటోను మిషన్ చదవలేదు. దానికి గీతలు కావాలి, అంటే డీఎక్స్‌ఎఫ్ ఫైలు. ఫొటో ఇస్తే దాని మీద మేం మళ్లీ గీయాలి, ఆ పనికి వేరే ఛార్జీ ఉంటుంది. పీడీఎఫ్ కొంత నయం, గీతలతో చేసింది అయితే మార్చుకోవచ్చు. కాగితం మీద చేత్తో గీసినా పర్వాలేదు, అన్ని కొలతలూ వేస్తే చాలు. బేస్ ప్లేటు (స్తంభం అడుగున వేసే పలక) లాంటివి ఐదు నిమిషాల్లో గీసేస్తాం. పూలు, లతలు, దేవుడి బొమ్మలైతే గీయడానికి పట్టే టైము కోయడానికి పట్టే టైముకన్నా ఎక్కువ.

ఫైలు పంపితే "లైన్లు ఓపెన్ ఉన్నాయి" అంటున్నారు. స్క్రీన్ మీద బాగానే కనిపిస్తోంది కదా?

స్క్రీన్ మీద కలిసినట్టు కనిపించే మూల దగ్గర పెద్దది చేసి చూస్తే 0.05 మి.మీ. సందు ఉంటుంది. గీత ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలియకపోతే ఏది లోపల, ఏది బయట అన్నది సాఫ్ట్‌వేర్‌కు అంతుబట్టదు. కోసేటప్పుడు కాలిపోయే గీత వెడల్పును ముక్కకు ఏ వైపున పోనివ్వాలో సాఫ్ట్‌వేరే తేల్చాలి మరి. రెండో జబ్బు, ఒకే గీత మీద ఇంకో గీత పడి ఉండటం. మనం గమనించకపోతే మిషన్ అదే దారిలో రెండోసారి తిరిగి అంచును కాల్చేస్తుంది. పంపే ముందు గీతలన్నీ కలిపి, రెండోసారి పడ్డవి చెరిపేసి, కొలతల బాణాలు, టైటిల్ బాక్స్ తీసేసి పంపండి.

అంగుళాల్లో గీశాను. ఇబ్బందా?

ఇబ్బంది లేదు, అంగుళాలని ఫైలు పేరులోనే రాయండి. డీఎక్స్‌ఎఫ్ లో 12 అని ఉంటే అది 12 అంగుళాలో 12 మి.మీ.లో చాలాసార్లు ఫైలు చెప్పదు. అడుగు ప్లేటు గోరంత కనిపిస్తే ఎవరైనా పట్టేస్తారు. ప్రమాదం దగ్గర దగ్గరగా ఉన్నప్పుడే. పని నేర్చుకుంటున్న రోజుల్లో నేను అంగుళాల ఫైలును 25.4 రెట్లు పెంచడానికి బదులు 25 రెట్లు పెంచాను. 304.8 మి.మీ. రావాల్సిన ప్లేటు సరిగ్గా 300 వచ్చింది. ఎంత గుండ్రంగా ఉందో చూడండి, అనుమానమే రాలేదు. నాలుగు ప్లేట్లు సైటుకెళ్లాక ఫౌండేషన్ బోల్టుల మీద కూర్చోలేదు. ఆ నాలుగూ నా ఖాతాలో తుక్కుకెళ్లాయి. అప్పటి నుంచి కట్ చేసే ముందు ఏదో ఒక కొలత ఫోన్లో చదివి వినిపిస్తాను. విసుక్కోకుండా సరే అనండి.

తెలుగులో ఇంటి పేరు బోర్డు కోయించాలి. ఏం చూసుకోవాలి?

ముందుగా తేల్చుకోవాల్సింది, ప్లేటులో అక్షరాలు ఖాళీగా కనిపించాలా, లేక అక్షరాలే విడిగా కోసి గోడకు బిగించాలా అన్నది. రెండింటికీ ఇబ్బందులు వేరు.

ఖాళీ అక్షరాలైతే మన లిపిలో గుండ్రాలతోనే గొడవ. 'శ్రీ నిలయం' చివరి సున్న తీసుకోండి. బయటి గుండ్రం, లోపలి గుండ్రం రెండూ కోశాక లోపలి బిళ్లకు ఆధారం లేదు, పడిపోతుంది. సున్న కాస్తా బొక్క అవుతుంది. ర, ల, య ల్లో కూడా లోపల మూసుకుపోయిన భాగం ఎక్కడుందో వెతికి, ప్రతిచోటా ఒక వంతెన, అంటే కోయకుండా ఉంచే సన్నటి అతుకు, వదలాలి. 2 మి.మీ. షీటుకు వంతెన కనీసం 2 మి.మీ. ఉండాలి. వంతెన అడ్డంగా పెడితే సున్న నడుమ గీత గీసినట్టుంటుంది. పైనా కిందా నిలువుగా రెండు చిన్నవి పెడితే కంటికి నప్పుతుంది.

విడి అక్షరాలైతే కష్టం ఇంకోలా ఉంటుంది. ప, స, హ ల తలకట్టు ఒంటికి తగలదు. కోయగానే తలకట్టు ఒక ముక్క, అక్షరం ఒక ముక్క. వత్తులూ అంతే. వెనక ఒక పట్టీ వెల్డింగ్ చేయాలి, లేదా డ్రాయింగ్‌లోనే తలకట్టును కొద్దిగా కిందికి లాగి కలపాలి. ఫాంటును గీతలుగా మార్చి పంపడం మరిచిపోవద్దు. మార్చకుండా పంపితే మా కంప్యూటర్లో వత్తులు పక్కకు జరిగి, 'లక్ష్మి' ఎవరూ చదవలేని పేరవుతుంది.

ఎంత చిన్న రంధ్రం కోయొచ్చు?

మందం ఎంతో రంధ్రం కనీసం అంత ఉంటే నిశ్చింత. 10 మి.మీ. ప్లేటులో 10 మి.మీ. రంధ్రం శుభ్రంగా వస్తుంది. అందులో సగం వరకు దిగొచ్చు కానీ వేడి ఒకేచోట పోగై రంధ్రం గుండ్రంగా రాదు, అడుగున కరిగిన లోహం అంటుకుంటుంది. అంతకన్నా చిన్నదైతే లేజర్‌తో మధ్యలో చుక్క పెట్టించుకుని డ్రిల్లు వేసుకోవడమే మేలు. చుక్క పెట్టడానికి పెద్దగా ఖర్చు కాదు, మార్కింగ్ పని తప్పుతుంది.

ఎం16 (16 మి.మీ. లావు) బోల్టుకు 16 రంధ్రం పెడితే చాలా?

చాలదు, బోల్టు దిగదు. స్ట్రక్చర్ పనికి ఐఎస్ 800 (స్టీలు కట్టడాల భారత ప్రమాణం) చెప్పే లెక్క ఇది: ఎం12కు 1 మి.మీ. ఎక్కువ, ఎం16 నుంచి ఎం24 వరకు 2 మి.మీ. ఎక్కువ, అంతకన్నా లావు బోల్టుకు 3 మి.మీ. అంటే ఎం16కు 18, ఎం20కి 22. కాంక్రీటులో పోసేసిన ఫౌండేషన్ బోల్టులైతే బేస్ ప్లేటులో ఇంకా వదులు ఇవ్వమని డిజైనర్‌ను అడగండి. మేస్త్రి పోసిన బోల్టు డ్రాయింగ్‌లో ఉన్నచోటే ఉంటుందని నేనైతే నమ్మను.

## ప్లేటు దగ్గర

ప్లేటు మేమే తెచ్చి ఇస్తే కోస్తారా?

కోస్తాం. జీఎస్టీ ఉన్నవాళ్లయితే డెలివరీ చలానా మీద పంపండి. జాబ్ వర్క్‌కు పంపిన సరుకు ఏడాదిలోగా తిరిగి మీ దగ్గరికి రావాలన్నది చట్టం. ఒక విషయం ముందే మాట్లాడుకోండి: కటింగ్ పాడైతే ప్లేటు డబ్బులు ఎవరివి? షాపు ప్లేటైతే షాపుదే నష్టం. మీ ప్లేటులో లోపల పొర విడిపోయి ఉండి కట్ చెడితే ఎవరి తప్పని గొడవ మొదలవుతుంది. చిన్న పనులకు షాపు ప్లేటే తీసుకోండి, పది కిలోల మీద మిగిలేదేమీ ఉండదు.

కొద్దిగా తుప్పు ఉంది. ఏమవుతుంది?

దుమ్ములా ఎర్రగా పట్టింది తుడిస్తే సర్దుకుంటుంది. పొలుసులుగా లేచిన తుప్పు మాత్రం కట్‌ను చెడగొడుతుంది. ఆక్సిజన్‌తో కోసేటప్పుడు ఇనుము ఒకే తీరుగా కాలాలి. తుప్పు మచ్చ దగ్గర మంట ఉన్నట్టుండి పక్కకు పాకి అంచులో గుంట పడుతుంది. వానాకాలమంతా ఆరుబయట పడున్న ప్లేటు తెచ్చి, "పైపైనే అన్నా" అంటారు. పైపైనే, కానీ కిరణం మొదట తాకేది పైభాగాన్నే. గీత వెళ్లే దారి వరకైనా గ్రైండింగ్ చేయించి తేండి.

రెండు సూత్, 16 గేజ్ అంటారు. మిల్లీమీటర్లలో ఎంత?

సూత్ అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, 3.175 మి.మీ. రెండు సూత్ అంటే పావు అంగుళం. బజార్లో ఆ పేరుతో ఇచ్చేది 6 మి.మీ. ప్లేటు. గేజు పెరిగేకొద్దీ షీటు పలచబడుతుంది: 14 గేజ్ 2 మి.మీ., 16 గేజ్ 1.6, 18 గేజ్ 1.2, 20 గేజ్ 0.9. ఆర్డరు మాత్రం మిల్లీమీటర్లలోనే రాయండి.

5 మి.మీ. ప్లేటు కొన్నాను, కొలిస్తే 4.7 ఉంది. మోసమా?

అన్నిసార్లూ కాదు. వేడిగా చుట్టిన ప్లేటుకు మందంలో కొంత తేడా ప్రమాణాలే ఒప్పుకుంటాయి. ఇబ్బంది ఎక్కడంటే, ఒక ముక్కలోని నాలుక ఇంకో ముక్కలోని గాడిలో కూర్చునే డిజైన్లలో. 5.2 గాడిలో 4.7 ప్లేటు లొడలొడలాడుతుంది. 5.3 ఉన్న ప్లేటు అసలు దూరదు. ముందు ప్లేటు తెచ్చి, వెర్నియర్‌తో నాలుగుచోట్ల కొలిచి, తర్వాత గాడి గీయండి. 0.2 మి.మీ. వదులు పెట్టి చిన్న ముక్క ఒకటి కోయించి చూసుకుంటే మొత్తం షీటు దండగ కాదు.

హెచ్‌ఆర్ (వేడిగా చుట్టినది) తీసుకోవాలా, సీఆర్ (చల్లగా చుట్టినది) తీసుకోవాలా?

సుమారు 3 మి.మీ. దాటితే హెచ్‌ఆర్ తప్ప మీకు దొరికేది తక్కువే. అంతకన్నా పలచన అయితే, పౌడర్ కోటింగ్ చేసి కళ్లెదుట పెట్టే పనికి సీఆర్, కనపడని బ్రాకెట్లకు హెచ్‌ఆర్. హెచ్‌ఆర్ మీదుండే నీలి నలుపు పొలుసు మీద వేసిన రంగు ఆ పొలుసుతో పాటే ఊడుతుంది.

బరువు ఎలా లెక్కేయాలి?

పొడవు, వెడల్పు మీటర్లలో, మందం మిల్లీమీటర్లలో తీసుకుని మూడింటినీ గుణించి, మళ్లీ 7.85తో గుణించండి. 300 × 300 × 12 బేస్ ప్లేటు: 0.3 × 0.3 × 12 × 7.85 = 8.48 కిలోలు. 8 అడుగులు × 4 అడుగుల 3 మి.మీ. షీటు 70 కిలోలు. స్టెయిన్‌లెస్‌కు 7.85 బదులు 8, అల్యూమినియానికి 2.7.

## కటింగ్ జరిగేటప్పుడు

ఆక్సిజన్ కట్, నైట్రోజన్ కట్ అని అడుగుతున్నారు. ఏది చెప్పాలి?

రెండింటిలో జరిగేది వేర్వేరు పని. ఆక్సిజన్‌తో కోస్తే ఇనుము నిజంగానే కాలుతుంది. లేజర్ నిప్పు అంటిస్తుంది, కాలే ఇనుము తన వేడితో తానే సాయం చేస్తుంది. అందుకే తక్కువ పవర్‌తో, తక్కువ గ్యాస్ ఒత్తిడితో మందపు ప్లేటు తెగుతుంది. కాలినదానికి గుర్తుగా అంచు మీద నల్లటి, గట్టి ఆక్సైడ్ పొర మిగులుతుంది. నైట్రోజన్‌తో కోస్తే ఏదీ కాలదు. కరిగిన లోహాన్ని 10 నుంచి 20 బార్ల ఒత్తిడితో కిందికి ఊదేస్తుంది. అంచు తళతళలాడుతుంది, కానీ గ్యాస్ నీళ్లలా ఖర్చవుతుంది, బిల్లు పెరుగుతుంది.

కాబట్టి మేం అడిగే అసలు ప్రశ్న, కోశాక ఈ ముక్కను ఏం చేస్తారని. వెల్డింగ్ చేసి రెడ్ ఆక్సైడ్ కొట్టి షెడ్డులో పైన పెట్టేదైతే ఆక్సిజన్ చాలు. పౌడర్ కోటింగ్ అయితే నైట్రోజన్ అడగండి. స్టెయిన్‌లెస్‌కు నైట్రోజనే, ఆక్సిజన్‌తో కోస్తే అంచు నల్లబడి తర్వాత అక్కడే తుప్పు మొదలవుతుంది. ఈ మధ్య పలచటి ఎంఎస్‌ను ఆరబెట్టి వడకట్టిన కంప్రెసర్ గాలితోనే కోస్తున్నారు. గాలిలో ఐదో వంతు ఆక్సిజన్ ఉంది కాబట్టి అంచు కొద్దిగా మసకబారుతుంది, ఖర్చు మాత్రం బాగా తగ్గుతుంది. 3 మి.మీ. లోపు బ్రాకెట్లకు నేను దీన్నే సిఫారసు చేస్తాను.

అడుగు వైపు ముళ్లలా ఏదో అంటుకుంది. మిషన్ బాగాలేదా?

దాన్ని బర్ అంటాం, కరిగిన లోహం పూర్తిగా ఎగిరిపోక అడుగున గడ్డకట్టింది. ముట్టుకుంటే రాలిపోయే పూసలైతే పెద్ద విషయం కాదు. ఉలితో కొట్టినా రాకపోతే ఫోకస్, వేగం, గ్యాస్, నాజిల్ (కిరణం, గ్యాస్ బయటికొచ్చే మూతి) వీటిలో ఏదో తప్పింది. ఒకే వైపు బర్ ఉండి మిగతా మూడు వైపులా లేకపోతే నాజిల్ రంధ్రానికి నడుమ కిరణం రావడం లేదని గుర్తు, రెండు నిమిషాల్లో సరిచేసేదే. అలాంటి ముక్కలు ఒప్పుకోకండి, తిరిగి ఇచ్చేయండి.

పొడుగు పట్టీలు కోయిస్తే అరటికాయలా వంగాయి. ఎందుకు?

షీటు కాయిల్ చుట్టలోంచి విప్పి సాపు చేసినది. లోపల బిగువు మిగిలి ఉంటుంది. సన్నగా చీల్చగానే ఆ బిగువు వదిలి పట్టీ పక్కకు వంగుతుంది. 40 మి.మీ. వెడల్పు, రెండు మీటర్ల పొడుగు పట్టీ అయితే బజార్లో దొరికే ఫ్లాట్ కొని పొడుగుకు కోసుకోండి, చవక కూడా. రంధ్రాలు ఉండి తప్పనిసరిగా లేజరే కావాలంటే, మధ్య మధ్యలో చిన్న అతుకులు తెగకుండా వదిలి, షీటంతా చల్లారాక విరవాలి.

లేజర్ వెలుగును చూస్తే కళ్లకు ప్రమాదమా?

ప్రమాదమే, పైగా ఆ కిరణం కంటికి కనిపించదు. ఫైబర్ లేజర్ కాంతి కంటి లెన్సులోంచి తిన్నగా లోపలికి వెళ్లి రెటీనా మీద చుక్కలా పడుతుంది. వెల్డింగ్ అద్దం దీనికి పనికిరాదు. క్యాబిన్ తలుపు మూసి, దానికున్న ప్రత్యేక అద్దంలోంచే చూడాలి. తలుపు తెరిచి వీడియో తీస్తామని అడగొద్దు, ఎంత బతిమాలినా ఒప్పుకోం. జీఐ షీటు (జింకు పూత వేసినది) కోసేటప్పుడు వచ్చే జింకు పొగ పీలిస్తే జ్వరం వస్తుంది. పీవీసీని ఏ లేజర్ మీదా పెట్టకూడదు, దాని పొగలో వచ్చే ఆమ్లం ఊపిరితిత్తులనూ మిషన్‌నూ తినేస్తుంది.

## డబ్బు సంగతి

రేటు కిలోకా, మీటరుకా?

ప్లేటుకు కిలో లెక్క, కటింగ్‌కు మీటరు లెక్క లేదా నిమిషం లెక్క. దానికి తోడు పియర్సింగ్, అంటే కొత్తగా బొక్క పెట్టి మొదలయ్యే ప్రతి చోటూ లెక్కలోకి వస్తుంది. మందం ప్లేటులో ఒక్కో పియర్సింగ్‌కు సెకన్లు పడతాయి. కొందరు అన్నీ కలిపి కిలోకు ఇంత అని చెబుతారు. దిమ్మల్లాంటి బరువు ముక్కలకు అది మీకు నష్టం, వందల రంధ్రాలున్న పలచటి జాలీకి షాపుకు నష్టం. రెండు చోట్ల కొటేషన్ అడిగినప్పుడు ప్లేటు, కటింగ్, గ్యాస్, బెండింగ్ విడివిడిగా రాయించుకోండి. లేకపోతే పోల్చడం కుదరదు.

మిగిలిన ముక్కలు, తుక్కు ఎవరివి?

మీ ప్లేటైతే మీవి, అడిగి తీసుకెళ్లండి. షాపు ప్లేటైతే, షీటు మొత్తానికి డబ్బు కట్టారా, మీ ముక్కల చుట్టూ గీసిన చతురస్రానికి కట్టారా అన్నదాన్ని బట్టి ఉంటుంది. గుండ్రటి ఫ్లాంజి కోయిస్తే దాని మధ్యలోంచి వచ్చే బిళ్లకు కూడా మీరు డబ్బు కట్టి ఉంటారు. ఆ బిళ్లలో మీ చిన్న ప్లేట్లు పడతాయేమో అడగండి, చాలామంది అడగరు.

## ముక్కలు ఇంటికొచ్చాక

అంచుల దగ్గరే పెయింటు ఊడుతోంది. పెయింటు కల్తీనా?

పెయింటును అనుమానించే ముందు అంచు చూడండి. ఆక్సిజన్ కట్ అంచు మీద ఆక్సైడ్ పొర నున్నగా, గాజులా ఉంటుంది. పెయింటు దానికి అంటుకుంటుంది కానీ ఆ పొర ప్లేటుకు గట్టిగా అంటుకుని ఉండదు. చిన్న దెబ్బకు రెండూ కలిసి రేకులా లేస్తాయి. గేటు అంచులు ఒక ఎండాకాలం, ఒక వానాకాలం దాటేసరికి ఎర్రబడటానికి ఎక్కువగా కారణం ఇదే. రంగుకు ముందే అంచులు గ్రైండింగ్ చేయాలి, లేదా బ్లాస్టింగ్, ఆసిడ్ పిక్లింగ్ చేయించాలి. పదునైన అంచు మీద రంగు పలచగా నిలుస్తుంది కాబట్టి ఆ మూలను కూడా కాస్త మొద్దుబార్చండి.

లేజర్ రంధ్రంలో ట్యాపు (మరలు కోసే పనిముట్టు) వేస్తే విరిగింది. ఏం చేయాలి?

కోసిన గోడ వేడెక్కి వెంటనే చల్లారడంతో గట్టిపడుతుంది, దాని మీద ఆక్సైడ్ కూడా ఉంటుంది. ట్యాపు పళ్లు నేరుగా దానికే తగిలాయి. ఎం8 ట్యాపుకు 6.8 డ్రిల్లు వేస్తారు కదా, లేజర్‌లో 6 మాత్రమే కోయించి, 6.8 డ్రిల్లుతో ఆ గట్టి పొర తీసేసి, అప్పుడు ట్యాపు వేయండి. ఎం10కి ట్యాపు డ్రిల్లు 8.5, కాబట్టి 7.5 కోయించుకోండి.

50, 50 ఎల్ బ్రాకెట్‌కు 100 పట్టీ కోయిస్తే వంచాక ఎక్కువొచ్చింది. ఎందుకు?

వంచినచోట బయటి పొర సాగుతుంది, లోపలి పొర నొక్కుకుంటుంది. బయటి కొలతలు రెండూ కలిపితే మూలను రెండుసార్లు లెక్కేసినట్టే. 3 మి.మీ. షీటు, లోపలి వంపు వ్యాసార్థం 3 అయితే తీసేయాల్సింది సుమారు 5.3 మి.మీ. పట్టీని 94.7కు కోయించాలి. ఈ అంకె డై (షీటును వంచే అచ్చు) మారితే మారుతుంది. అందుకే వంచే షాపులో ఏ డై వాడతారో అడిగి గీయండి, లేదా కటింగ్, బెండింగ్ రెండూ ఒకేచోట ఇవ్వండి. వంపు గీతకు దగ్గరగా రంధ్రం పెట్టకండి, కోడిగుడ్డులా సాగుతుంది. మందానికి రెండున్నర రెట్లకు వంపు వ్యాసార్థం కలిపినంత దూరం ఉంచితే చాలు.

జాలీ తిన్నగానే వచ్చింది. ఫ్రేముకు వెల్డింగ్ చేశాక అలలు అలలుగా తేలింది. ఇప్పుడు?

మధ్యలో సగం లోహం కోసి తీసేసిన 2 మి.మీ. షీటు అది, అంటే వలలాంటిది. చుట్టూ ఏకబిగిన వెల్డింగ్ చేస్తే అంచు కుంచించుకుని మధ్యభాగం పొంగుతుంది. ఎదురెదురు వైపుల్లో అంగుళం పొడుగు వెల్డులు, ఆరంగుళాలకొకటి, మధ్యలో చల్లారనిస్తూ వేయాలి. ఇప్పటికే పొంగితే వెల్డులు గ్రైండింగ్ చేసి వదులు చేశాక చాలావరకు తిరిగి సాపు అవుతుంది. ఆ తర్వాత వెల్డింగ్ జోలికి పోకుండా వెనక నుంచి పట్టీ పెట్టి స్క్రూలతో బిగించండి. రేపు రంగు వేయాలన్నా విప్పి తీసుకెళ్లొచ్చు.